చెలమలో కాళ్లు

మా సైకిల్ బృందంలో ఒకాయన, చిత్రావతి ఏటి ఇసుకలో తవ్విన చెలమలో కాళ్లు ముంచగానే, గొర్రెలు కాసే ముసలామె కర్ర ఎత్తింది.

"ఏమప్పా, తాగే నీళ్లలో కాళ్లు పెడతావా?"

"నది చూద్దామని వచ్చాం అవ్వా. కాసిని నీళ్లేగా!"

"ఏరు యాడుండాది? ఇసకంతా లారీలకెత్తినారు. మిగిలిండేది ఈ గుంతే. దాన్నీ తొక్కిపో!"

తన గొర్రెల మూతిని కూడా ఆమె చెలమకు తగలనీయదు. టెంకాయ చిప్పతో తోడి, సత్తు బేసిన్‌లో పోసి తాపుతుంది. అలాంటి చోటికి అందమైన నదీ లోయ అంటూ మమ్మల్ని తీసుకొచ్చిన యాత్ర నిర్వాహకులను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కాళ్లు కడిగిన నీళ్లు గొర్రెలకూ పట్టనంటూ ఆమె ఆ చెలమను పూడ్చేసి, పక్కనే మరొకటి తవ్వసాగింది. మేం లేపాక్షి దారి పట్టేసరికి గుంత మోకాలిలోతు దిగింది. ఇసుక ఇంకా పొడిగానే ఉంది.