ఐలన్న బస్సు వెనక నేను రాసిన మాట

1981. మట్టెవాడలో సైకిల్ షాపు పక్కన నాకు బోర్డులు రాసే కొట్టు ఉండేది. నేను బడి ముఖం చూసింది లేదు. దుకాణాల మీది అక్షరాలు చూసి గీస్తూ గీస్తూ చదువుకున్నవాణ్ణి. అందుకే, పెయింటరంటే రంగు పూసేవాడేగా అని తేలిగ్గా అనేవాళ్ళను చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. బస్సు మీద రాయడమంటే గోడకు సున్నం వేయడం కాదు. సుద్ద పూసిన దారం లాగి వదిలి ముందు గీతలు వేసుకోవాలి. తర్వాత ఔట్‌లైన్, అంటే అక్షరం అంచు. లోపల ఎనామిల్ రంగు నింపాలి. చివరికి షేడ్, అంటే అక్షరం లేచి నిలబడినట్టు చూపించే నీడ.

నాతో పని చేయించుకున్నవాళ్ళలో ఊరంతా ఎరిగినవాడు ఐలయ్య. నేను ఐలన్న అనేవాణ్ణి. రెండు పాత బస్సులతో తిరుపతికీ పండరిపురానికీ యాత్రలు నడిపేవాడు. ఆయనంత చవగ్గా తీసుకుపోయేవాడు ఇంకొకడు లేడు. కూలి చేసుకునేవాళ్ళు ఎందరో దూరపు దేవుణ్ణి చూసింది ఆ బస్సుల్లోనే. మెత్తలుండవు, వంటమనిషి ఉండడు, ఎవరి సద్ది వాళ్ళదే. నోటికి మాత్రం అడ్డు లేదు. చౌరస్తాలో బస్సు మెట్టు మీద నిలబడి అరిచేవాడు.

"మెత్తటి సీటు గావాల్నా? ఇంట్ల పరుపు మీద పండుండ్రి! దేవుణ్ణి జూడాల్నా? నా డొక్కు బస్సెక్కుండ్రి!"

"ఐలయ్యా, కిటికీకి అద్దం లేదేందిరా?" అని ఓ ముసలాయన అడిగితే, "గాలికి టికెట్ కొడ్తలేను గదా బాపూ, సంతోషపడు" అన్నాడు.

ఇలాంటివన్నీ నాతో బస్సు వెనక రాయించేవాడు. చదివినవాళ్ళు తిట్టేవారు, తిట్టి అదే బస్సెక్కేవారు. ఊళ్ళోని ఓ వారపత్రిక ఆయనది ఒళ్ళు పొగరని రాస్తే, ఆ ముక్క కత్తిరించి డ్రైవర్ సీటు వెనక అంటించుకున్నాడు.

"తిట్టెటోడు గూడ నా బస్సు పేరు జెప్పే తిడుతాండు తమ్మీ. ఇంకేం గావాలె?"

ఆ ఏడు పండరిపురం యాత్రకు కాశిబుగ్గ నేతవాళ్ళ ఇళ్ళ నుంచి లక్ష్మి అనే ఆమె, వాడలోని ఆడవాళ్ళతో కలిసి వెళ్ళింది. బస్సు తిరిగొచ్చింది, ఆమె రాలేదు. వచ్చినవాళ్ళంతా ఒకటే చెప్పారు. బయలుదేరే వేళకు లక్ష్మి కనిపించలేదట. ఆపమని ఎంత మొత్తుకున్నా, "లేటైతే ఎవ్వలైనా గంతే" అని ఐలయ్యే బస్సు నడుపుకొచ్చాడట.

ఊరు భగ్గుమంది. ఆమె భర్త మనుషులతో వచ్చి బస్సు అద్దాలు పగలగొట్టాడు. పండరిపురం వెళ్ళి వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పోలీసులు పిలిచి కూర్చోబెట్టినా ఐలన్నది అదే మాట.

కొన్నాళ్ళకు నా కొట్టుకొచ్చాడు. "బస్సెనుక రాయాలె తమ్మీ. పెద్దక్షరాలు. 'లేటైతే ఇడిసిపెట్టి పోతం. పోయినం గూడ!'"

బ్రష్ కింద పడేశాను. "సిగ్గు లేదానే నీకు? ఆడిమనిషి ఏమైందో తెల్వక వాడకట్టంత ఏడుస్తాన్నది. నేను రాయ."

"ఇంకోనితోని రాయిస్త."

"రాయించుకో. నీ నోరు గలీజని ఎర్కనే. గుండె గూడ బండ అని ఎర్కలే."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. సైకిల్ షాపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదలు.

"ఇడిసిపెట్టలే తమ్మీ. నేనే షోలాపూర్ బస్సెక్కిచ్చిన."

భర్త కొట్టిన దెబ్బలకు విరిగి, అతుకు సరిగా పడని చెయ్యి ఆమె చూపించిందట. మన నేతవాళ్ళు బతకడానికి పోయిన ఊరు షోలాపూర్. అక్కడ ఆమె చిన్ననాటి స్నేహితురాలు ఉంది, బీడీలు చుట్టి బతకొచ్చు.

"'పారిపోయిన్నని తెలిస్తే ఎతికి సంపుతడు అన్నా, నువ్వు ఇడిసిపెట్టి వచ్చినవని చెప్పు, నీ మీదైతే ఏది జెప్పినా నమ్ముతరు' అన్నది." ఐలన్న నవ్వబోయాడు, రాలేదు. "నమ్మిండ్రు గదా!"

"మరి ఈ రాత ఎందుకే?"

"లక్ష్మి మొగని మేనమామకు అనుమానమొచ్చింది. ఐలయ్య ఎంత మొరిగినా ఇన్నేండ్లల్ల ఎవల్నీ ఇడిసి రాలేదు, దీంట్ల ఏదో ఉన్నదంటాండట. గా అనుమానం షోలాపూర్ దాంక పోవద్దు."

రాశాను. ఎర్ర ఎనామిల్‌తో, నల్ల షేడ్‌తో. వెనక జనం మూగారు. "రాసే చేతికి పురుగులు వడ!" అని ఒకామె ఉమ్మేసింది. నిచ్చెన పక్కన నిలబడి ఐలన్న ఎప్పటిలాగే అరుస్తున్నాడు: "జూడుండ్రి, జూడుండ్రి! టైముకు రానోళ్ళు నా బస్సెక్కకుండ్రి!" నిజం నా నాలుక చివరికొచ్చింది. పళ్ళు బిగించి షేడ్ వేసుకుంటూ పోయాను.

మేనమామ అనుమానం అక్కడితో చచ్చింది. ఐలన్న బస్సుల పని కూడా అక్కడితోనే అయిపోయింది. ఎక్కేవాళ్ళు లేక ఒక బస్సు, తర్వాత రెండోది అమ్మేశాడు. ఆయన బస్సులో దేవుణ్ణి చూసొచ్చినవాళ్ళే, హోటల్లో ఆయన కూర్చుంటే టీ గ్లాసు పట్టుకుని లేచిపోయేవారు. పొద్దంతా నా కొట్లోనే కూర్చునేవాడు.

ఒకరోజు అడిగాను. "ఆమె సంగతేమన్నా తెలిసిందా అన్నా?"

"తెల్వొద్దు. బాగున్నదని తెలిస్తే నాకు నోరాగది."

కొన్నేళ్ళకు పోయాడు. శ్మశానానికి నేనూ, పాత మెకానిక్కూ, తప్పక వచ్చిన ఇద్దరు ముగ్గురు చుట్టాలూ. "లేటైతదని జల్దిగ పోయిండు" అని దారి పక్కన నిలబడి చూసేవాళ్ళలో ఎవడో అంటే పక్కవాళ్ళు నవ్వారు. వాణ్ణి అక్కడే పట్టుకుని కడిగేసేవాణ్ణి. కానీ ఆ నవ్వినవాళ్ళలో లక్ష్మి భర్త ఉన్నాడు.

ఇప్పుడు వాడూ లేడు, అందుకే రాస్తున్నాను. మనిషిని వాడి నోటిని బట్టి లెక్కగట్టే అలవాటు నాకు ఐలన్నతో పోయింది. ఊరికి పోలేదు. ఇప్పటికీ ఆడమనిషిని దారిలో వదిలేసిన కథ చెప్పి ఆయన్ను తిడుతూనే ఉన్నారు. లక్ష్మి ఎట్లా బతికిందో నాకు తెలియదు. షోలాపూర్ వైపు పోయే బస్సు నేనెప్పుడూ ఎక్కలేదు, ఎవరినీ అడగలేదు.