బల్లకు రెండో కొస

ఏలూరులో తివాచీలు నేసే మొహిద్దీన్ భారీ మనిషి. మగ్గం ముందు బల్లకు ఒక కొసన ఆయన, ఇంకో కొసన బావమరిది నాగూర్ కూర్చునేవారు. ఒకరు లేస్తే బల్ల రెండోవారి వైపు ఒరిగిపోయేది. మెడనరం లాగి మొహిద్దీన్ కుడిచెయ్యి తిమ్మిరెక్కేది, ఉన్ని కోసే కత్తి జారిపోయేది. ఎవరైనా పిలిస్తే మెడ తిరగక ఒళ్లంతా తిప్పి చూసేవాడు. "ఒళ్లు తగ్గించండి బావగారూ, నరం అదే వదులుతుంది. అందాకా మీ చోటు నేను చూసుకుంటానుగా," అన్నాడు నాగూర్. అది నమ్మి ఆయన రాత్రి అన్నం మానేశాడు. పొట్ట కరిగింది గాని తిమ్మిరి పోలేదు. జ్వరంతో పడుకుని లేచి మగ్గం దగ్గరికి వెళ్లేసరికి, బల్లకు తన కొసన తిరగలి రాయి కట్టి ఉంది. "బల్ల ఇటు ఒరిగిపోతోందండీ," అన్నాడు నాగూర్, తివాచీకి వేస్తున్న ముడి మీంచి కళ్లెత్తకుండా. "అటు బరువుంటే చాలు కదండీ." మొహిద్దీన్ వంగి రాయిని రెండు చేతులా పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్లు బిగియలేదు.