గుండుసూదుల కన్నాలు

తోలుపని మాస్టారి మొహం ఆదివారం పూట చూడాలి. సరదాకి నేర్చుకునేవాళ్లు కుట్టి తెచ్చినదాన్ని, చచ్చిన ఎలకను తోక పట్టి ఎత్తినట్టు, రెండు వేళ్లతో ఎత్తి చూస్తాడు. పొంగి గడ్డకట్టిన జిగురు, మొండి కత్తి నమిలేసిన అంచు, ఇంట్లో బట్టలు కుట్టే మిషన్ కింద తోలు తోస్తే తప్పిపోయిన కుట్లు, ఏ ఒక్కటీ ఆయన కన్ను దాటిపోదు.

ఒకసారి ఒకావిడ, పోయిన అన్నయ్య తోలుకోటు నుంచి వీపు ముక్క కోసి తెచ్చింది. మేనకోడలికి సంచీ చేయాలట. కాగితం నమూనా జరగకుండా దాని చుట్టూ గుండుసూదులు గుచ్చేసింది.

"ఛీ ఛీ! ఇదేమన్నా బట్టా తల్లీ, కన్నం పూడటానికి? తోలుకు పడిందంటే పడినట్టే. పైన బరువు పెట్టి గీసుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!"

"ఇంత పెద్ద ముక్క ఇంకోటి లేదు మాస్టారూ," అని ఆవిడ బిక్కమొహం వేసింది.

ఆయన మూతి ముడుచుకునే, ప్రతి కన్నమూ కుట్టుగీత మీదికి వచ్చేలా నమూనా మళ్లీ గీశాడు. సంచీ వేలెడు చిన్నదైంది. మిషన్ ముట్టనివ్వకుండా, మధ్యమధ్య కొత్త కన్నాలు పొడిపించి, చేత్తోనే కుట్టించాడు. మూడో ఆదివారానికి పూర్తయింది. ఆవిడ దాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఒక్కటి కూడా కనపడట్లేదు మాస్టారూ!"

"నాకు కనపడి చస్తున్నాయిగా!" అన్నాడాయన.