డాక్టరు సారు పెట్టిన సున్నా

డాక్టరు సారు పోయారని మా కోడలు చెప్పింది. నేను అరుగు మీద కందులు చెరుగుతున్నాను. చాట పక్కన పెట్టాను. ఆయన నాకంటే చిన్నవారు.

నల్లగొండలో మూత్రం జబ్బులకు ఆపరేషన్లు చేసేవారు సారు. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎప్పుడో సైకిల్ కడ్డీ మీద పడ్డ దెబ్బకు నా మూత్రనాళం లోపల సన్నబడిపోయింది. ఒంటికి పోతే చుక్క చుక్కే.

సారు బల్ల మీద పొడుగు నోటుబుక్కు ఉండేది. నాళం ఎంత పొడుగున మూసుకుంది, ఎన్ని చోట్ల, ఎక్కడ, దేనివల్ల, ఇంతకు ముందు ఏమన్నా చేయించారా. ఒక్కోదానికి ఇన్ని మార్కులని వేసి కూడేవారు. మొత్తం పెరిగితే జబ్బు తిరగబెట్టే భయం ఎక్కువ, పెద్ద ఆపరేషన్ కావాలి. తగ్గితే చిన్నది చాలు.

"బడిల తక్కువ మార్కులొస్తే ఏడ్చినవేమో. ఈడ నవ్వాలె పెద్దయ్యా" అన్నారు.

చివరి గడి దగ్గర పెన్ను ఆపి, ఇదివరకు ఎవరన్నా సలాక వేసి దారి వెడల్పు చేశారా అని అడిగారు. చేశారు. అచ్చంపేటలో మూడుసార్లు, విత్తనాలకు పోతున్నానని ఇంట్లో చెప్పి చేయించుకున్నాను. కానీ కాగితాలు పట్టుకుని పక్కనే కోడలు నిలబడి ఉంది. లేదన్నాను. ఆ గడిలో సున్నా పెట్టారు.

చిన్న ఆపరేషనే చేశారు. ఏడాది తిరక్కుండా దారి మళ్లీ మూసుకుంది. సారు నోటుబుక్కు తీసి నా మార్కులు మీది నుంచి కిందికి, కింది నుంచి మీదికి కూడారు. మందుల చిట్టీ ఇచ్చి కోడలిని బయటికి పంపారు. తలుపు దగ్గరికి వేశారు.

"ఇప్పుడు ఎవ్వరు లేరు. జర యాది చేస్కో పెద్దయ్యా. నీ లెక్క చూసే రేపు ఇంకొకాయనకు చిన్నదో పెద్దదో చెప్త."

ఒకసారి లేదన్న నోటితో ఉందని ఎట్లా అనను? "లేదు సార్" అన్నాను.

"అయితే తప్పు నా లెక్కదే" అన్నారు సారు.

రెండోసారి బుగ్గ లోపలి పొర తీసి నాళానికి అతికించారు. అది నిలిచింది. ఇప్పుడు నల్లగొండ దాకా బస్సులో ఫికర్ లేకుండా కూర్చుంటున్నానంటే ఆయన చలవే.

ఏటా చూపించుకోవడానికి పోతే, తన దగ్గర పని నేర్చుకునే డాక్టర్లను పిలిచేవారు. "నా లెక్క తప్పించిన పెద్దయ్య ఈయనే" అని నన్ను చూపించేవారు. వాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, చెప్పుల వైపు చూసుకుంటూ.

ఆయనకు అనుమానం ఉండేదేమో తెలియదు. మళ్లీ మాత్రం అడగలేదు. పోయినసారి చెప్పేద్దామనే వెళ్లాను. సారు బాగా చిక్కిపోయి ఉన్నారు. "మంచిగ పోతాందా?" అన్నారు. పోతాంది సార్ అని లేచి వచ్చేశాను.

ఇది మా కోడలు కూడా చదువుతుంది. చదవనీ.

ఆ నోటుబుక్కు ఇప్పుడు ఎవరి దగ్గరుందో. నా పేరుకెదురుగా చివరి గడిలో, నా మాట నమ్మి సారు నిదానంగా చుట్టిన సున్నా అట్లాగే ఉంటుంది.