ముందుకు వాలిన దీపం

మా షెడ్డు కృష్ణపట్నం రోడ్డు మీద ఉంది. బండ్లకు రంగులు మా ఆయన వేస్తాడు, అక్షరాలూ బొమ్మలూ నేను చూసుకుంటాను. పోర్టు కంపెనీల బస్సులకు ఇప్పుడు చేత్తో రాసేదేమీ లేదు, అన్నీ మిషన్ మీద కోసిన స్టిక్కర్లే. వెనక కాగితం లాగి అద్దితే పని అయిపోతుంది. ఆ పనికి ఎవరైనా నన్ను మెచ్చుకుంటే నాకు చిరాకు. మెచ్చుకోవాలనుకుంటే నేను నీళ్ళ బొమ్మ అంటించేటప్పుడు వచ్చి చూడమంటాను.

నీళ్ళ బొమ్మ అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు. కాగితం మీద పల్చటి పొరలా అచ్చువేసిన బొమ్మ అది. నీళ్ళలో నానిస్తే అడుగునున్న జిగురు కరిగి, బొమ్మ కాగితం మీంచి జారుతుంది. అలా జారేటప్పుడే దాన్ని మనకు కావలసిన చోటికి మళ్ళించి, కింద చిక్కుకున్న నీళ్ళనూ గాలినీ మెల్లగా బయటికి వత్తాలి. ఆరాక పైన వార్నిష్ వేస్తే రంగులో కలిసిపోతుంది. పాత సైకిళ్ళ మీదా కుట్టుమిషన్ల మీదా ఉండే బంగారు గీతలూ పువ్వులూ అలా వచ్చినవే.

మా నాయనకు గూడూరులో సైకిలు షాపు ఉండేది. సైకిలుకు కొత్తగా రంగువేశాక ఈ బొమ్మలు అంటించడంలో ఆయనకు సాటి లేరు. కూతురు గనక అంటోంది అనుకుంటారేమో, అనుకోండి. నిమ్మకాయల మార్కెట్టుకు వచ్చే రైతులు దారిలో ఉన్న షాపులన్నీ దాటి మా షాపుకే ఎందుకు వచ్చేవాళ్ళో మీరే చెప్పండి. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

అంత పనిమంతుణ్ణి జనం వేలెత్తి చూపింది ఒకే ఒక్క పనికి. అది మా అమ్మ నడిపిన కారు మీద ఉండేది.

అవును, మా అమ్మ డ్రైవరు. గూడూరులో అప్పట్లో క్రైస్తవ మిషన్‌వాళ్ళ చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది, దానికో తెల్ల అంబాసిడర్ ఉండేది. సముద్రం వైపు పల్లెలకు నర్సులనూ మందులనూ తీసుకెళ్ళడం, కాన్పు కష్టమైన వాళ్ళను ఆసుపత్రికి చేర్చడం ఆ కారు పని. ఆడమనిషి స్టీరింగ్ పట్టుకుంటే జనం ఆగి చూసే రోజులవి. చూసి ఊరుకోక ఈలలు కూడా వేసేవాళ్ళు. అలాంటప్పుడు మద్రాసు నుంచి ఆసుపత్రి గుర్తు అచ్చువేసిన నీళ్ళ బొమ్మలు వచ్చాయి. నీలం వలయం, అందులో ఎర్ర ప్రమిద, పసుపు జ్వాల. తలుపుల మీద ఆ గుర్తు పడ్డాకే ఈలలు ఆగాయనీ, "డ్రైవరమ్మ వస్తా ఉండాది, దారీండి" అన్నారనీ అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ గుర్తు లేకపోతే అది ఆమె దృష్టిలో తన కారే కాదు.

ఆ బొమ్మలు అంటించింది మా నాయన. అప్పటికి వాళ్ళకు పెళ్ళి కాలేదు, పరిచయం కూడా లేదు. ఆ పని తెలిసినవాడు ఊళ్ళో ఆయనేనని ఆసుపత్రివాళ్ళు అమ్మను కారుతో సహా షాపుకు పంపారు. బొమ్మలు జతగా ఉండేవి, ఎడమ తలుపుకొకటి, కుడి తలుపుకొకటి. కారు ముందుకు పోతుంటే ఎదురుగాలికి జ్వాల వెనక్కి వాలినట్టు గీశారు. మా నాయన కారుకు ఎదురుగా నిలబడి, తన ఎడమచేతి వైపున్నదే కారుకు ఎడమ అనుకున్నాడు. సైకిలుకు రెండు వైపులా ఒకే బొమ్మ గనక ఆయనకు ఆ బెడద అంతకుముందు ఎప్పుడూ రాలేదు. దాంతో ఎడమది కుడి తలుపుకూ, కుడిది ఎడమ తలుపుకూ పడ్డాయి. రెండు జ్వాలలూ ముందుకు వాలాయి.

చూసేవాళ్ళకు కారు వెనక్కి పోతున్నట్టు ఉండేది. జనం దానికి రివర్సు కారు అని పేరు పెట్టారు. చర్చి భోజనాల్లో ఎవరో ఒకరు మా నాయన భుజం తట్టి, "ఏందన్నా, మీ ఇంటామె బండి ఎనక్కే పోతా ఉండాదే" అని నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు గానీ చెవులు ఎర్రబడేవి. నాకు మాత్రం ఒళ్ళు మండేది. బళ్ళో ఆ మాట అన్న పిల్లను జడ పట్టుకుని లాగి, టీచరు చేత దెబ్బలు తిన్నాను. ఇంకో జత బొమ్మలు ఆయన దగ్గరే ఉండేవి. పాతవి గీకేసి వాటిని అంటిస్తానని అమ్మను అడుగుతూనే ఉండేవాడు. "ఇప్పుడు తీరిక లే, తర్వాత చూద్దాం" అనేది అమ్మ. ఆ 'తర్వాత' రాకుండానే ఆసుపత్రి మూతపడింది, కారు చర్చివాళ్ళ షెడ్డులో మూలపడింది. మా నాయన పోయాడు.

కిందటేడు చర్చి పెద్దలకు ఆ కారు గుర్తొచ్చింది. బాగు చేయించి కోతల పండుగ నాడు బయటికి తీయాలనీ, గేటు నుంచి చర్చి మెట్ల దాకా అమ్మే నడపాలనీ వాళ్ళ కోరిక. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మోకాళ్ళు సహకరించవు, చూపు మాత్రం గట్టిదే. పెద్దలు వచ్చి అడిగితే ఆమె కొంగు సర్దుకుని, "తలుపుల మీద గుర్తు పెట్టండి, నడుపుతా. గుర్తు లేకుండా నేనెక్కను" అని తేల్చి చెప్పింది.

కారు మా షెడ్డుకు వచ్చింది. ఉప్పుగాలికి తలుపుల రేకు జల్లెడైంది, పాత బొమ్మల ఆనవాలు కూడా లేదు. మా ఆయన రేకు మార్చి, తెల్లరంగు వేసి, అద్దంలా మెరిపించాడు. ఆ పని అయ్యాక, "ఫోటో ఇస్తే అచ్చం అట్టాంటి స్టిక్కరే కోసిస్తారు గదా, ఆ ముసలి కాగితాలతో నీకేం కుస్తీ?" అన్నాడు. "నీ రంగు నువ్వు చూసుకో సామీ, నా కుస్తీ నేను పడతా" అన్నాను.

నా పట్టుదల వెనక కారణం ఆయనకు చెప్పలేదు, అమ్మకు అసలే చెప్పలేదు. మా నాయన రేకుపెట్టెలో ఆ రెండో జత అలాగే ఉంది. దాన్ని ఏది ఎక్కడ ఉండాలో అక్కడే అంటించి, ఆయన పనితనం మీదున్న ఆ ఒక్క మచ్చ తుడిచేయాలని నా ఆశ. పండుగ నాడు ఊరంతా చూస్తుండగా జ్వాలలు వెనక్కి వాలి కారు ముందుకు రావాలి. ఈ జత చెడిందంటే మళ్ళీ దొరకదు, ఆ మచ్చ ఎప్పటికీ పోదు.

బొమ్మలు పాతబడి పసుపెక్కి ఉన్నాయి. ఎండ తగిలే కిటికీ అద్దానికి లోపలివైపు అతికించి పెడితే ఆ పసుపు కొంత విరిగింది. అదే పెట్టెలో పాత సైకిలు బొమ్మలు కొన్ని మిగిలితే ముందు వాటి మీద చెయ్యి చూసుకున్నాను. మొదటిది నీళ్ళలో వేయగానే అప్పడంలా ముక్కలైంది. రెండోదానికి ముందుగా పల్చగా వార్నిష్ పూసి, బాగా ఆరనిచ్చి నానబెట్టాను. అది ముక్క కాలేదు గానీ ఆరాక అడుగున తెల్లగా పొక్కింది. మా బోరు నీళ్ళలో ఉప్పు సంగతి మరిచిపోయాను. మూడోదానికి కారు బ్యాటరీలో పోసే ఉప్పులేని నీళ్ళు వాడాను. అది కడిగిన ముత్యంలా వచ్చింది. మా ఆయన్ను పిలిచి చూపించాను. "స్టిక్కరైతే ఈపాటికి..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు.

ఇక మిగిలింది గాలి. మా వైపు పొద్దెక్కితే సముద్రపు గాలి లేస్తుంది, వెంట సన్నటి ఇసుక తెస్తుంది. అది లేవకముందు పొద్దున కాసేపు ఆకు కూడా కదలదు. ఆ సమయం చూసుకుని, దుమ్ము లేవకుండా మా ఆయన చేత షెడ్డు నేల తడిపించి, ఎడమ తలుపు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. వెనకాల ఎడమ అని రాసున్న బొమ్మ తీసి నీళ్ళలో పెట్టాను. వేలితో కదిపి చూస్తే కాగితం మీద మెల్లగా కదిలింది. తలుపు తడిపి, కాగితం ఆనించి, బొమ్మను జార్చాను. ఎక్కడా చిట్లలేదు. నీలం వలయం తెల్లరంగు మీద కూర్చుంది, జ్వాల చక్కగా వెనక్కి వాలింది. నాయనా, చూశావా అని పైకే అన్నాను.

వెనక చేతికర్ర చప్పుడైంది. అమ్మ వచ్చి నిలబడింది. తలుపు వైపు చూసింది, కారు ముందుభాగం చూసింది, మళ్ళీ తలుపు చూసింది.

"ఇది తియ్" అంది.

"ఏంది తీసేది?"

"తిరగబడుండాది. తీసి ఆ పక్క తలుపుకు పెట్టు."

నాకు కోపం ఆగలేదు. "ఇదే సరైనదిమా! తప్పు పెట్టింది నాయన. ఇన్నేళ్ళు అందరి నోళ్ళలో పడినాడు. ఆ మాట లేకుండా చెయ్యాలనే గదా నేను చస్తా ఉండేది!" అని అరిచాను. అరుస్తూనే చేత్తో బొమ్మ మీద నీళ్ళు చిలకరిస్తున్నాను. ఆరిందంటే ఇక కదలదు.

అమ్మ కారు బానెట్టుకు ఆనుకుంది. "మీ నాయన తప్పేముందే? ఆ పొద్దు నేను పక్కనే నిలబడుండా. మొదటి బొమ్మ పెట్టినప్పుడే చూసినా, తిరగబడిందని. ఇట్టనే తడిగా ఉండె. ఒక్క మాట చెప్పుంటే అప్పుడే జరిపేసుండేవాడు."

"మరి చెప్పలేదే?"

"చెప్తే పని ఆ పొద్దుతోనే అయిపోతాది గదా" అంది అమ్మ. "నాకు మళ్ళీ రావాలనిపించింది. వారం తర్వాత పోయి, ఏమయ్యా, బొమ్మలు తిరగేసి పెట్టినావే అని అడిగినా. పాపం, బిక్కచచ్చిపోయినాడు. సోమవారం తీసుకురాండి, మారుస్తా అన్నాడు. సోమవారం పోయి, ఇప్పుడు అర్జెంటు పనుండాది, మళ్ళీ వస్తా అన్నా. అట్ట ఎన్నిసార్లు పోయినానో."

నా చేయి ఆగిపోయింది. "ఊరంతా ఎగతాళి చేస్తుంటే మటుకు గమ్మునున్నావు" అన్నాను. గొంతులో పదును తగ్గడం నాకే తెలుస్తోంది.

"పెళ్ళైన పొద్దే చెప్పేసినా మీ నాయనకి. వాళ్ళకేం తెలుసు, ఆయనకి తెలుసు."

"తెలిస్తే మరి సరిచేస్తా, సరిచేస్తా అని ఎందుకు అడిగేవాడు?"

"అడిగి నా మొహం చూసేవాడు" అంది అమ్మ. ఈ వయసులో ఆమె చెంపలు ఎర్రబడటం నేను మొదటిసారి చూశాను.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చిన్నప్పటి నుంచి ఎవరి పరువు కోసం పోట్లాడుతున్నానో ఆయన జనం ఎగతాళి చేసినప్పుడల్లా లోపల మురిసిపోయాడన్నమాట. ఆయన చెవులు ఎర్రబడింది అవమానంతో కాదు. ఇలాంటి ఇద్దరికి పుట్టినందుకు నాకు గర్వంగా అనిపించింది. పక్కనే నవ్వుకుంటున్న మా ఆయన్ను కూడా కసరాలనిపించలేదు.

కానీ బొమ్మ ఆరిపోతోంది. సముద్రం వైపు నుంచి మొదటి గాలి వచ్చి షెడ్డు రేకును కదిపింది. మా ఆయనే పరుగున పోయి ఆ పక్క టార్పాలిన్ దించాడు. బ్యాటరీ నీళ్ళు ధారగా పోస్తూ, బొమ్మ జారిన కాగితాన్నే మళ్ళీ తడిపి బొమ్మ అంచు కిందికి చేర్చాను. వలయం ఒకచోట ముడతపడింది. నీళ్ళు పోసి ఆగాను, ముడత తనంతట తానే విప్పుకుంది. అప్పుడు బొమ్మ మొత్తం మెల్లగా కాగితం మీదికి వచ్చింది. రెండు అరచేతుల్లో పట్టుకుని కారు ముందునుంచి చుట్టి కుడి తలుపు దగ్గరికి వెళ్ళాను. అమ్మ కర్ర పక్కన పెట్టి, తడిగుడ్డతో తలుపు తానే తుడిచింది.

బొమ్మను జార్చి, నడిమి నుంచి అంచులకు వేళ్ళతో నీళ్ళు వత్తుకుంటూ పోయాను. జ్వాల బానెట్టు వైపుకు, ముందుకు వాలింది. మా నాయన చేసిన తప్పును, ఒక్క బుడగ కూడా లేకుండా, నా చేతులతో మళ్ళీ చేశాను.