ముప్పై అయిదో కప్పు

దయ్యాలను నేను నమ్మను. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్ళ అద్భుతాలను కూడా సగానికి సగం కొట్టేసుకుని వింటాను. లెక్క కుదరనిది నా బుర్రకు ఎక్కదు. చదువు అయిదో తరగతితో ఆగిపోయినా, గోడ చూపిస్తే ఎన్ని ఇటుకలు పడతాయో చెబుతాను. ఆత్మకూరు మేస్త్రీలు నన్ను అడిగాకే లోడు తెప్పిస్తారు.

మాది ఉదయగిరి పక్కన పల్లె. మా చర్చిలో నెలకోసారి ప్రభు బల్ల, అంటే యేసును తలుచుకుని రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం, ఉంటుంది. ద్రాక్షారసం చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోసి పంచే పని నాది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు ఎంతమంది వచ్చారో చూసి, సరిగ్గా అంతమందికే పోస్తాను.

దానియేలును మాత్రం ఆ లెక్కలో చేర్చను. సంగం రోడ్డులో తాగి ట్రాక్టరు నడిపి నా తమ్ముడిని చంపినవాడు వాడు. జైలు నుంచి వచ్చాక ప్రతి ఆదివారం వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచేచోట కూర్చుంటున్నాడు. పశ్చాత్తాపపడ్డాడు కాబట్టి వాడికీ ఇవ్వాలని పాస్టరుగారు అన్నారు.

“మీరే ఇచ్చుకోండి. నేను పొయ్యను” అన్నాను.

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం. నాతో, పాస్టరుగారితో కలిపి ముప్పై నలుగురం. కప్పులు ముందే లెక్కపెట్టి తీశాను. ఆఖరి కప్పుతో సీసా ఖాళీ అయింది. పళ్ళెం నేనే పట్టుకుని వరస వరసకూ తిరిగాను. మా అమ్మ తాగడం చూశాను. చివర నేను తాగాను.

పళ్ళెంలో ఇంకో నిండు కప్పు ఉంది.

ఎవరికైనా అందలేదా అని అడిగాను. అందరికీ అందింది. ఖాళీ కప్పులు రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.

ముందు వరసలో రూతమ్మ నవ్వింది. “ఏందన్నా, నీ లెక్క కూడా తప్పుద్దా?”

“తప్పలేదు” అన్నాను.

అమ్మ గుమ్మం వైపు చూసింది. “ఎవురికి రాలేదో కనపడతా ఉండాది గదరా. పోయి ఇయ్యి.”

“వాడు దానికి తగడమ్మా.”

“తగినోళ్ళకే అయితే ఆ పళ్ళెం ఎత్తే పనే లేదు. నీ ఇంటి సరుకా అది? ఇయ్యి.”

కన్నబిడ్డను పోగొట్టుకున్నది ఆమె. పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. దానియేలు తల ఎత్తలేదు.

“నాకొద్దులే అన్నా. ఆడ పెట్టేయ్.”

నాకు అప్పుడే ఎక్కువ కోపం వచ్చింది. వద్దనడానికి వాడెవడు? పళ్ళెం వాడి ముఖం ముందు పెట్టి “తాగు” అన్నాను. తాగాడు. సగం చొక్కా మీదే ఒలికింది.

ఎవరైనా తెచ్చి పెట్టారా అంటే, పళ్ళెం నా చెయ్యి దాటలేదు. పాస్టరుగారు దాన్ని కృప అన్నారు. ఆయన మాట ఆయనది. దానియేలును నేను క్షమించలేదు. తర్వాత కూడా వాడిని లెక్కలో చేర్చలేదు, కప్పూ మళ్ళీ మిగల్లేదు. వాడికి పాస్టరుగారే వేరే సీసాలోంచి పోసి ఇస్తున్నారు.

ఆ రోజు అందించింది నా చెయ్యే. ఇచ్చింది మాత్రం నేను కాదు. పోసింది ఎవరో ఇప్పటికీ తెలియదు.