గురమ్మ ఇంటి తాళం, లోపలి ఉడుము

మైలపల్లి గురమ్మ, వయస్సు అరవై రెండు సంవత్సరాలు, నివాసం కళింగపట్నం. ఈమెను నేను ముప్పై ఏళ్లుగా ఎరుగుదును. భర్త సముద్రం మీద చేపల వేటకు వెళ్లి తిరిగి రాని నాటి నుండి పడవల వద్ద చేపలు తీసుకుని, ఉప్పు పట్టించి, ఇసుకలో ఎండబెట్టి, తట్టలో సంతకు మోసి బ్రతుకుచున్నది. ఆమెకున్న ఆస్తి ఒకే గది గల పెంకుటిల్లు. ఆ ఇంటికి ఇప్పుడు తాళం పడి ఉన్నది. వేసినది ఆమెయే.

గత మాసంలో ఒక ఉదయం తూము గుండా ఒక ఉడుము ఇంటిలోనికి ప్రవేశించినది. పాము వలె చీలిన నాలుకతో వాసన పట్టి తిరిగే ఈ జీవిని ఎండుచేపల బుట్టలే రప్పించి ఉండవచ్చును. పొరుగింటి జగ్గమ్మ గుమ్మంలో నిలిచి, "ఒసే గురమ్మా, నీ సేపలకి ఇంటికొచ్చి తినీవోడు దొరికినాడే. బేరమాడకు, తోకతో కొడతాది" అని పరిహసించినది.

నవ్వు అంతటితో ఆగినది. ఉడుము దూరిన ఇంట మనుషులు ఉండరాదని, మూడు అమావాస్యలు దాటువరకు తలుపు తీయరాదని ఇక్కడి వాడుక. కులపెద్ద త్రినాథ్ వచ్చి ఆ మాటే చెప్పినాడు. గురమ్మ ఉన్నపళంగా బయటకు వచ్చి తాళం వేసినది. మరొకటి రాకుండా తూమును సిమెంటుతో పూడ్చినారు. వచ్చినది ఇంకా లోపలనే ఉన్నదన్న సంగతి ఆ తొందరలో ఎవరికీ తోచలేదు.

ఆనాటి నుండి ఆమె జగ్గమ్మ వసారాలో పడుకొనుచున్నది. పగలు బయట నిలిచి కిటికీ గుండా తన ఇంటిలోనికి తానే తొంగి చూచును. నేనూ చూచితిని. పగిలిన పెంకు నుండి పడే ఎండలో ఉడుము ఒళ్లు పరచి ఉంటుంది. ఒంటికి వేడి తగలనిదే దానికి చురుకు రాదు. ఎండ జరిగితే తానూ జరుగుతుంది. అలికిడి అయితే గోడ పగులులో దూరి, గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించి, గోళ్లతో బిగిసిపోతుంది. ఇక లాగినా రాదు. బుట్టలలోని చేపలు అయిపోయి, కొవ్వు దాచుకునే తోక మొదలు ఇప్పటికే సన్నబడినది. ఉప్పుచేప తిన్న దాహం ఒకటి. ఉడుము దూరలేనంత ఇరుకైన కిటికీ ఊచల సందున గురమ్మ చెంబుతో నీళ్లు వంపితే నేల నాకుతుంది.

పట్టపగలు తలుపు తీసి అందరూ దూరంగా ఉంటే అదే పోవునని త్రినాథ్‌కు చెప్పితిని. గడువులోగా తలుపు తీసినా, తూము పగలగొట్టినా ఆమెకు ఏ పడవా చేప ఇవ్వదని బదులు వచ్చినది. పెంకులు తొలగించి కర్రలతో పొడుద్దామన్న వారికి అది చట్టరీత్యా నేరమని నేనే నచ్చజెప్పితిని. అది లోపల చనిపోతే ఇల్లు పడగొట్టవలెనట.

నిన్న కిటికీ వద్ద ఆమె నాతో, "అది నన్ను తరిమిందో, నానే దాన్ని సెరలో ఎట్టినానో తెల్దు బాబూ. తాళంసెవి నా కొంగునే ఉన్నాది. తీసీ సెయ్యే నాది కాదు" అన్నది. ఆ రాత్రే ఈ అర్జీ వ్రాయ కూర్చుంటిని.

కావున ఆమె తరఫున మనవి ఏమనగా, అటవీ శాఖ వారు ఎండ బాగా కాసిన ఒక పూట దయచేసి వచ్చి, తమ ఆజ్ఞగా ఆ తలుపు తీయించి, ఉడుమును ప్రాణాలతో ఊరి బయటి తోటలో విడిచిపెట్టవలెను. తలుపు తీసిన చేయి గురమ్మది కాదని పెద్దల సమక్షంలో ఒక మాట చెప్పవలెను. తాళంచెవి సిద్ధంగా ఉన్నది.